షెడ్యూల్-బి బజ్జీ

డాక్టర్ హైమవతి చేసిన తప్పు ఒక్కటే. సెమినార్‌లో నిజం చెప్పింది. అదీ డైరెక్టర్ గారు మెలకువగా ఉన్నప్పుడు చెప్పింది.

గుంటూరు మిరప యార్డు దాటి కొంత దూరం వెళితే ఆహార విష పరిశోధనా సంస్థ వస్తుంది. జనం తినే తిండిలో ఏ విషముందో కనిపెట్టి, ఆ సంగతి జనానికి తెలియకుండా ఫైళ్లలో భద్రపరచడం ఆ సంస్థ పని. అందులో హైమవతి మూడేళ్లుగా ఒకే ప్రశ్న వెంటపడి తిరుగుతోంది. పిండినీ దుంపల్నీ నూనెలో ఎర్రగా వేయిస్తే ఆక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుంది. అది నరాలకు చేటని అందరికీ తెలుసు. గుండెకు కూడా చేటేనా? అదీ ప్రశ్న.

వాలంటీర్లు సంస్థ ఉద్యోగులే. అప్పుడప్పుడూ రక్తమిస్తారు, ఈసీజీ తీయించుకుంటారు, ఏం తిన్నారో చెబుతారు. అందరికంటే ముందు పేరిచ్చింది డైరెక్టర్ త్రివిక్రమరావు గారు. ఆయన రక్తమిస్తున్న ఫోటో పేపర్లో కూడా పడింది. ఇక ఆఖరి విడత రక్తం తీయడమే మిగిలింది. మార్చి నెలాఖరుకు గ్రాంటు ముగుస్తుంది. ఆలోగా తీస్తే స్టడీ పూర్తవుతుంది. లేకపోతే మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

సెమినార్ నవంబర్‌లో జరిగింది. మొదటి అరగంట డైరెక్టర్ గారు మామూలుగానే కళ్లు మూసుకుని ఆలకించారు. ఆయన అణువుకి లేవరు, గణాంకాలకి లేవరు. హైమవతి నోట "బజ్జీ" అనే మాట వచ్చేసరికి కళ్లు తెరిచారు.

"మన క్యాంటీన్ ఆలూ బజ్జీలో ఉన్నదీ, నా ల్యాబ్‌లో తాళం వేసి పెట్టినదీ ఒకే రసాయనం సార్. కాకపోతే బజ్జీలో ఉండేది బహు స్వల్పం. అంత కొంచెం ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే గుండెకు ఏమవుతుందన్నదే..."

"ఒక్క నిమిషం," అన్నారు డైరెక్టర్ గారు. "ఒకే రసాయనమా?"

"అవును సార్. కానీ మోతాదు..."

"ప్రసాద్ గారూ, మాన్యువల్ ఏమంటోంది?"

సేఫ్టీ ఆఫీసర్ ఆంజనేయప్రసాద్ లేచి నిలబడ్డాడు. ఆయన చంకలో మాన్యువల్ లేని రోజు లేదు. పెళ్లి ఫోటోలో కూడా ఉంటుందని గిట్టనివాళ్లు అంటారు.

"ఆక్రిలమైడ్ కలిగిన ఏ పదార్థమైనా షెడ్యూల్-బి కిందికి వస్తుంది సార్. దాన్ని తాళంలో ఉంచవలెను. ఇండెంటు మీద మాత్రమే జారీ చేయవలెను. మిగిలినది కమిటీ సమక్షంలో ధ్వంసం చేయవలెను. గేట్ పాస్ లేనిదే ఆవరణ దాటించరాదు."

"మోతాదు గురించి ఏమైనా ఉందా?"

ఆంజనేయప్రసాద్ పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"మోతాదు ప్రస్తావన లేదు సార్. 'ఏ పదార్థమైనా' అని మాత్రమే ఉంది."

డైరెక్టర్ గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయనకు రిటైర్‌మెంట్ దగ్గరపడింది. పేరు నిలిచిపోయే పని ఒక్కటీ చేయలేదన్న దిగులు చాలాకాలంగా ఉంది.

"అంటే ఇన్నాళ్లూ ఈ ఆవరణలో, నా ముక్కు కింద, షెడ్యూల్-బి పదార్థాన్ని ప్లేట్లలో పెట్టి చట్నీతో పంచుతున్నారన్నమాట!"

"సార్, నేను చెప్పేది..."

"మీరు చెప్పాల్సింది చెప్పారు హైమవతీ. దేశం మిమ్మల్ని మరిచిపోదు. కూర్చోండి."

*

క్యాంటీన్ నడిపేది సైదమ్మ. పల్నాడు మనిషి. గొంతు గేటు దాకా వినిపిస్తుంది. మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి పొయ్యి పైన ఒక బోర్డు వేలాడుతోంది: "రసాయన సంశ్లేషణ విభాగం. అనధికారులు ప్రవేశించరాదు." పక్కన నిప్పులార్పే సిలిండర్లు రెండు, ఇసుక బకెట్లు నాలుగు.

ఆమె సరాసరి హైమవతి ల్యాబ్‌కు వచ్చి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏంది డాట్రమ్మా, నా బజ్జీలో విషముందన్నావంట?"

"అట్లా అనలేదు సైదమ్మా. ఏ బజ్జీలోనైనా కాస్త ఉంటుందన్నాను."

"నువ్వు ఎన్ని తిన్నావు?"

"లెక్కలేదు."

"మరి చచ్చావా?"

"లేదు."

"నేను పుట్టినకాడ్నుంచీ తింటన్నా. మా అత్త తొంభయ్యేళ్లు తిన్నది, నన్ను తిట్టడానికి ఓపికుండేది. పోయి చెప్పు నీ డైరెట్రుకి."

"చెప్తా. కానీ నువ్వు కూడా నూనె మార్చకుండా రెండ్రోజులు వాడతావు చూడు, అది మాత్రం మానుకో."

"అదిగో, మళ్లీ మొదలు!" అని సైదమ్మ విసురుగా వెళ్లిపోయింది. కానీ ఆ రోజు నూనె మార్చింది.

కొత్త పద్ధతి ఆ వారమే అమల్లోకి వచ్చింది. బజ్జీలు వేయగానే కెమికల్ స్టోర్స్‌కు చేరతాయి. కావలసినవాళ్లు ఇండెంటు రాయాలి. "ప్రయోజనం" అనే గడిలో మొదట్లో అందరూ "ఆకలి" అని రాశారు. ఆకలి పరిశోధనా ప్రయోజనం కాదని స్టోర్స్ వాళ్లు తిప్పి పంపారు. తర్వాత నుంచి "ఇంద్రియ విశ్లేషణ" అని రాయడం మొదలుపెట్టారు. మూడు సంతకాలయ్యాక, గ్లవ్స్ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పొగ పీల్చే గొట్టం కింద తల పెట్టి తినాలి. అప్పటికి బజ్జీ చల్లారి రబ్బరు ముక్కలా ఉండేది. మిరప యార్డు నుంచి పనిమీద వచ్చిన టోకు వ్యాపారి ఎవరో ఆ వరస చూసి, ఏదో భయంకరమైన ప్రయోగం జరుగుతోందనుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తర్వాత దోశ వంతు వచ్చింది. ఎర్రగా కాలితే అందులోనూ ఆక్రిలమైడ్ ఉంటుందని ఆంజనేయప్రసాద్ ఎక్కడో చదివాడు. పెయింట్ షాపు నుంచి రంగుల కార్డు తెప్పించి పెనం పక్కన మేకు కొట్టి తగిలించాడు. "పాలమీగడ" రంగు దాటి "గోధుమ" రంగుకు పోతే ఆ దోశ స్వాధీనం.

"తెల్లదోశ ఎవుడు తింటాడయ్యా?" అంది సైదమ్మ. "జబ్బుమనిషి మొహంలా ఉంది."

"అది నిబంధనలకు అనుగుణమైన దోశ," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"అయితే దాన్ని నిబంధనలకే పెట్టు."

ఇడ్లీని మాత్రం నిర్దోషిగా విడుదల చేశారు. ఆవిరి మీద ఉడికేది కాబట్టి.

మూడు సంతకాల కోసం ఎవరు తిరుగుతారు? స్టోర్స్‌లో రోజూ బజ్జీలు గంపలకొద్దీ మిగిలిపోయేవి. మిగిలినవి కమిటీ సమక్షంలో ధ్వంసం చేయాలి. కమిటీకి అధ్యక్షులు డైరెక్టర్ గారు, కార్యదర్శి ఆంజనేయప్రసాద్, మరో ఐదుగురు విభాగాధిపతులు సభ్యులు. సాయంత్రం నాలుగు కాగానే ఏడుగురూ కాన్ఫరెన్స్ హాల్లో చేరి, తలుపులు బిగించుకుని, ధ్వంసం చేసేవారు. విషవాయువులు పీల్చుకోవడానికి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్కలు పంపమని క్యాంటీన్‌కు కబురు వచ్చేది.

"వాయువులకి టీ కూడా కావాలంటనా?" అని అడిగింది సైదమ్మ ఒకరోజు.

"ఏడు," అన్నాడు ప్యూను. "పంచదార తక్కువ."

క్రమేపీ ధ్వంసం కార్యక్రమం ఎంత పకడ్బందీగా సాగిందంటే, మిగిలేది చాలడం లేదనీ, ఉత్పత్తి పెంచమనీ సైదమ్మకు మెమో వచ్చింది.

*

ఇంతవరకూ హైమవతి నవ్వుకుంటూనే ఉంది. ఫిబ్రవరిలో ఆమె చేతులారా రెండో తప్పు చేసింది. నిబంధన ప్రకారం పంపాల్సిన ప్రగతి నివేదిక పంపింది.

అందులో ఒక పేరా ఇది: ఒంట్లోకి చేరిన ఆక్రిలమైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్ర రక్తకణం నాలుగు నెలలపాటు బతుకుతుంది. కాబట్టి రక్తం చూస్తే ఆ నాలుగు నెలల్లో మనిషి ఏపాటి తిన్నాడో తెలుస్తుంది. వాలంటీర్లందరి రక్తంలోనూ దాని ఆనవాళ్లు ఉన్నాయి.

నివేదికలను ఎవరూ చదవరన్న ధైర్యంతో రాసింది. ఆంజనేయప్రసాద్ చదివాడు.

అత్యవసర సమావేశానికి ఆమెను పిలిచారు. హాల్లో ఉల్లిపాయ వాసన.

"డాక్టర్ హైమవతీ," అన్నాడు ఆంజనేయప్రసాద్ గంభీరంగా. "ఉద్యోగుల రక్తంలో షెడ్యూల్-బి పదార్థం ఉందని మీ నివేదిక ధ్రువీకరిస్తోంది. అవునా?"

"ఆనవాళ్లున్నాయి. నా రక్తంలోనూ ఉన్నాయి, మీ రక్తంలోనూ ఉన్నాయి. ఈ ఊళ్లో ఎవరి రక్తంలో లేవు?"

"ఊరి సంగతి మన పరిధిలోకి రాదు. షెడ్యూల్-బి పదార్థాన్ని కలిగి ఉన్నదాన్ని మాన్యువల్ ఏమంటుందో తెలుసా? 'పాత్ర' అంటుంది."

"పాత్ర?"

"సీసా కావచ్చు, డబ్బా కావచ్చు, అసిస్టెంట్ సైంటిస్ట్ కావచ్చు. మాన్యువల్ తేడా చూపలేదు."

డైరెక్టర్ గారి కళ్లలో మెరుపు మెరిసింది. "అంటే ప్రతి సాయంత్రం రెండు వందల విషపాత్రలు ఏ పాసూ లేకుండా గేటు దాటి బస్సులెక్కి ఇళ్లకు పోతున్నాయా?"

"కొన్ని స్కూటర్ల మీద కూడా పోతున్నాయి సార్."

"ఆపండి!"

మర్నాటి నుంచి ప్రతి ఉద్యోగి మెడలో పుర్రె బొమ్మ ఉన్న కార్డు వేలాడింది. అందులో పేరు, విభాగం, హైమవతి లెక్కలివ్వనన్నందుకు ఆంజనేయప్రసాద్ అంచనా వేసిన రక్తంలోని సాంద్రత, "తలకిందులుగా ఉంచరాదు" అన్న హెచ్చరిక. సాయంత్రం ఇంటికి పోవాలంటే సామాన్లకిచ్చే గేట్ పాస్ కావాలి. "తిరిగి రావలసిన వస్తువు" అని దాని మీద ముద్ర. సాంద్రతను బట్టి సంతకం: తక్కువైతే సెక్షన్ ఆఫీసర్, మధ్యస్థమైతే సేఫ్టీ ఆఫీసర్, అత్యధికమైతే సాక్షాత్తూ డైరెక్టర్. ఐదింటికి వదలాల్సిన ఆఫీసు ఏడింటికి వదిలేది. పాలమ్మాయికి, పిల్లల ట్యూషన్ మాస్టర్లకు, అత్తగార్లకు సంజాయిషీ చెప్పలేక ఉద్యోగులు బక్కచిక్కిపోయారు.

హైమవతికి అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆఖరి విడత రక్తం తీయడానికి సిరంజీలు ఇండెంటు పెడితే ఆంజనేయప్రసాద్ ఆపేశాడు.

"రక్తం తీయడమంటే పాత్ర మూత తెరవడం. దానికి కమిటీ అనుమతి కావాలి."

"ఇవ్వండి మరి."

"మూతల విషయం జూన్ సమావేశంలో చర్చకు వస్తుంది."

"మార్చి ముప్పై ఒకటికి నా గ్రాంటు అయిపోతుంది ప్రసాద్ గారూ! ఇన్నేళ్ల పని ఇది. వాళ్లందరూ ఒప్పుకుని, సంతకాలు పెట్టి చేరినవాళ్లు."

"పాత్రల సమ్మతి గురించి మాన్యువల్‌లో లేదండీ."

"ఈ సంస్థ పెట్టింది ఇలాంటి ప్రశ్నకి జవాబు కనుక్కోవడానికే కదా?"

ఆంజనేయప్రసాద్ ఆమెను జాలిగా చూశాడు. "సంస్థ పెట్టింది జవాబుల కోసం కాదమ్మా. సక్రమంగా నడవడం కోసం."

*

మార్చిలో గుంటూరు ఎండ గురించి చెప్పనక్కర్లేదు. ఆ రోజు సాయంత్రం ఐదు దాటినా తారు మెత్తగానే ఉంది. గేటు దగ్గర పుర్రె కార్డులతో ఉద్యోగులు బారులు తీరి ఉన్నారు. హైమవతి ఆ వరసలోనే నిలబడి, క్యాలెండర్‌లో మిగిలిన రోజులు తలుచుకుంటోంది.

డైరెక్టర్ గారి కారు వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవర్ దిగి కంగారుగా అరిచాడు.

"సార్‌కి గుండెల్లో నొప్పంట! ధ్వంసం మీటింగ్ నుంచి వస్తావస్తానే ఒరిగిపోయారు! గేటు తియ్యి!"

గేటు దగ్గర సెక్యూరిటీ ఏసోబు. పాతికేళ్ల సర్వీసులో చిన్న మచ్చ లేని మనిషి. కారులోకి తొంగి చూశాడు. వెనక సీట్లో డైరెక్టర్ గారు ఛాతీ పట్టుకుని మూలుగుతున్నారు. మెడలో కార్డు ఉంది.

"పాసేదీ?"

"పాసేంటయ్యా! మనిషి పోయేట్టున్నాడు!"

"పాస్ లేకుండా పాత్ర బయటికి పోతే నా ఉద్యోగం పోద్ది. ఆ ఆర్డరు మీద సంతకం పెట్టింది ఈ సారే. కావాలంటే అడుగు."

డైరెక్టర్ గారు ఏదో అనబోయారు. మూలుగు మాత్రమే వచ్చింది.

హైమవతి పరుగున వచ్చి నాడి పట్టుకుంది. తడబడుతోంది. "ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు సంతకం పెట్టాలి?"

ఏసోబు కార్డు చదివాడు. "అత్యధిక సాంద్రత. డైరెక్టర్ గారే పెట్టాలమ్మా."

"పెన్ను..." అన్నారు డైరెక్టర్ గారు, చెయ్యి చాచి.

"వీల్లేదు!" ఆంజనేయప్రసాద్ మాన్యువల్ పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. "పదార్థం తన విడుదల మీద తానే సంతకం పెట్టుకోరాదు సార్. అది స్వప్రయోజనం కిందికి వస్తుంది. డిప్యూటీ డైరెక్టర్ గారు పెట్టవచ్చు."

"ఆయనెక్కడ?"

"ఢిల్లీలో. భద్రత మీద సదస్సు."

వరసలో నిలబడ్డవాళ్లు గోలగోలగా అరుస్తున్నారు. ఎవరో గేటు తోయబోతే ఏసోబు కర్ర అడ్డం పెట్టాడు. డైరెక్టర్ గారి మొహం పాలిపోయింది. నుదుటి నుంచి చెమట ధారలు కట్టి కాలరు తడిసిపోతోంది.

హైమవతి ఆ చెమట వంక చూసింది. ఆంజనేయప్రసాద్ చేతిలోంచి మాన్యువల్ లాక్కుంది. పేజీలు గబగబా తిప్పి, ఒకచోట వేలు పెట్టింది.

"ప్రసాద్ గారూ, ఇది చదవండి. గట్టిగా."

"'కారుతున్న పాత్రను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆవరణలో ఉంచరాదు. సంతకాల నిమిత్తం వేచి ఉండక తక్షణమే వెలుపలికి తరలించవలెను.'"

"చూడండి. కారుతున్నారా, లేదా?"

ఆంజనేయప్రసాద్ జేబులోంచి గ్లవ్ తీసి తొడుక్కున్నాడు. వేలితో డైరెక్టర్ గారి నుదురు తాకాడు. వేలిని వెలుతురులో పెట్టి చూశాడు. ఆయన మొహంలో గొప్ప ఊరట కనిపించింది.

"లీకేజీ నిర్ధారణ అయింది! గేటు తెరవండి!"

ఏసోబు గేటు బార్లా తెరిచి, కారుతున్న పాత్రకు సెల్యూట్ కొట్టాడు.

*

డైరెక్టర్ గారు బతికారు. గుండెలో ఒక స్టెంటు వేశారు. "ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదు" అన్నాడు ఆస్పత్రి డాక్టరు.

మర్నాడు సాయంత్రం సంస్థలో ఒక వింత జరిగింది. నాలుగున్నరకల్లా అకౌంట్స్ సెక్షన్ మొత్తం ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టింది. వెనక లైబ్రరీ వాళ్లు, ఆ వెనక ల్యాబ్ వాళ్లు. ఐదింటికల్లా నిలువునా చెమటలు కారుస్తూ గేటు దగ్గరికి వచ్చారు.

"కారుతున్నాం! తియ్యి గేటు!"

ఏసోబు తీశాడు. ఆంజనేయప్రసాద్ తల పట్టుకున్నాడు. మాన్యువల్ ప్రకారం వాళ్లను ఆపడానికి లేదు, మాన్యువల్ ప్రకారం వాళ్లను పోనివ్వడానికీ మనసొప్పదు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. పొద్దున్నే తనంతట తానే హైమవతి ల్యాబ్‌కు వచ్చాడు. ఆయన వేరే విభాగం గుమ్మం తొక్కడం అదే మొదలు.

"ఏదైనా దారి చెప్పండి. అందరూ కారిపోతున్నారు."

హైమవతి ఆలోచిస్తున్నట్టు కాసేపు కిటికీలోంచి చూసింది. నిజానికి ఆమె ఆ దారి గురించి రెండు రోజులుగా ఆలోచిస్తూనే ఉంది.

"అదే పేజీలో కింది వాక్యం చూశారా? 'కారుతున్న పాత్రను తరలించు ముందు లోపలి పదార్థపు నమూనా సేకరించవలెను.' మీరు నమూనా లేకుండానే వదిలేస్తున్నారు. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే?"

ఆంజనేయప్రసాద్ గబగబా పేజీ తిప్పి చూశాడు. "నమూనా అంటే... చెమటా?"

"చెమట పాత్ర బయట ఉంటుంది. లోపలి పదార్థం అన్నారు."

"రక్తం!"

"నేనైతే జూన్ సమావేశం దాకా ఆగుతానండీ. మూతల విషయం కదా."

"ఆగడానికి వీల్లేదు! లీకేజీకి జూన్ లేదు! ఎన్ని సిరంజీలు కావాలి మీకు?"

గేటు పక్కన షామియానా వేశారు. స్టడీలో మొదట్నుంచీ ఉన్నవాళ్లందరూ వరసగా వచ్చారు. హైమవతి ఒక్కొక్కరినీ విడిగా అడిగింది: "ఇష్టముంటేనే ఇవ్వండి. వద్దంటే ఊరికే పంపించేస్తా." మొదట్నుంచీ ఎదురుచూస్తున్న వాళ్లలా అందరూ చెయ్యి చాపారు. "తీసుకోండి మేడం, మా పిల్లకి కూడా చెప్పా, ఏదో పెద్ద స్టడీలో ఉన్నానని" అన్నాడు లైబ్రరీ అటెండర్. డైరెక్టర్ గారు ఆస్పత్రి మంచం మీద నుంచే ఇచ్చారు. అక్కడ ఏ కమిటీ వేయకుండానే రోజుకు రెండుసార్లు రక్తం తీస్తున్నారని ఆయన ఆశ్చర్యపోతున్నారు.

నెలాఖరుకు ముందే ఆఖరి నమూనా ఫ్రీజర్‌లోకి చేరింది.

*

ఏప్రిల్‌లో ఫలితాలు వినడానికి కమిటీ కూడింది. డైరెక్టర్ గారు కాస్త చిక్కారు. గొంతు మాత్రం చిక్కలేదు.

హైమవతి పేర్లు లేకుండా, కోడ్ నంబర్లతో చెప్పింది. "బజ్జీలకు తాళాలు పడ్డాక కూడా చాలామంది రక్తంలో ఆక్రిలమైడ్ ఆనవాళ్లు తగ్గలేదు సార్. గేటు ఎదురుగా కొత్తగా నాలుగు బజ్జీ బండ్లు వెలిశాయి. మొత్తం మీద ఎక్కువ తినేవాళ్లలో గుండె ఇబ్బందులు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఇదే కారణమని గట్టిగా చెప్పడానికి ఇంకా పని చేయాలి. కానీ ఒక విచిత్రం ఉంది. ఏడుగురికి మాత్రం ఈ నాలుగు నెలల్లో మూడింతలైంది."

"మూడింతలా!" డైరెక్టర్ గారు బల్ల గుద్దారు. "స్మగ్లర్లు! నేను చావుబతుకుల్లో ఉంటే దొంగచాటుగా మేస్తున్నారా! ఎవరా ఏడుగురు?"

"వాలంటీర్ల పేర్లు చెప్పకూడదు సార్."

"అవును సార్," అన్నాడు ఆంజనేయప్రసాద్ హడావుడిగా. "గోప్యత పరమ పవిత్రమైనది."

"నోరు ముయ్యండి! ఏడుగురినీ సస్పెండ్ చేస్తున్నాను. ఆర్డర్ రాయండి. నంబర్లతోనే రాయండి. పేర్లు తర్వాత పూరిద్దాం."

ఆంజనేయప్రసాద్ కలం కదల్లేదు. ఆయన మొహం నిబంధనలకు అనుగుణమైన దోశలా తెల్లబడింది. మిగతా ఐదుగురు విభాగాధిపతులూ ఎవరి గోళ్లు వాళ్లు పరిశీలించుకుంటున్నారు.

"సార్," అన్నాడు చివరికి. "మేము... అంటే మనం... ఈ హాల్లో... రోజూ ధ్వంసం..."

"ధ్వంసానికీ దీనికీ సంబంధమేమిటి?" అన్నారు డైరెక్టర్ గారు. నిజంగానే అర్థంకాక అడిగారు. "మనం తినలేదు కదా. నిబంధన ప్రకారం ధ్వంసం చేశాం. ధ్వంసం చేసింది రక్తంలోకి ఎలా వస్తుంది?"



"రక్తానికి ఆ తేడా తెలియదు సార్," అంది హైమవతి.

డైరెక్టర్ గారు కమిటీ వంక చూశారు. వరసగా లెక్కపెట్టారు. ఆరు వచ్చింది. కాసేపటికి తనను కూడా కలుపుకున్నారు.

*

మధ్యాహ్నం ఛాంబర్‌లోకి పిలుపు వచ్చింది. హైమవతి వెళ్లేసరికి డైరెక్టర్ గారు ఒక్కరే ఉన్నారు. బల్ల మీద ఆంజనేయప్రసాద్ తయారుచేసిన ముసాయిదా. ఆమెకు తలకిందులుగా కూడా స్పష్టంగా కనిపించింది: "ఈ సంస్థ పరిధిలో ఆక్రిలమైడ్ నేటి మధ్యాహ్నం నుండి విషము కాదు. గత నవంబరు నుండి వర్తించును."

"ఇది సంతకం పెడితే అన్నీ సర్దుకుంటాయట," అన్నారాయన. "పుర్రె కార్డులు పోతాయి, పాసులు పోతాయి, కమిటీ తప్పు చేసినట్టూ ఉండదు. కాకపోతే మీ స్టడీ మూసెయ్యాలి. విషం కానిదాని మీద పరిశోధన మన పరిధిలోకి రాదు కదా."

హైమవతి ముసాయిదాను ఆయన వైపు జరిపింది. "పెట్టండి సార్. మీ ఇష్టం. కానీ మీ సంతకం సంగతి రసాయనానికి తెలియదు."

ఆయన పెన్ను తీశారు. మూత తిప్పారు. కాగితం మీద పెట్టబోయి ఆగారు. ఎడమచెయ్యి తెలియకుండానే ఛాతీ మీదికి వెళ్లింది.

"హైమవతీ, ఒక మాట. డైరెక్టర్‌గా కాదు, మామూలుగా అడుగుతున్నా. నాకు ఇది ఆ బజ్జీల వల్లే వచ్చిందా?"

మూడేళ్లలో ఆ సంస్థలో ఆమె ప్రశ్నను ఆమెనే అడిగిన మొదటి మనిషి ఆయన.

"తెలియదు సార్. మీ వయసుంది, మీ షుగరుంది, ఇదీ ఉంది. ఒక్కరిని చూసి చెప్పలేం. చాలామందిని చూడాలి. అందుకే ఇది అచ్చుకావాలి, ఇంకా కొనసాగాలి."

"విషం కాదని నేను సంతకం పెడితే..."

"ఎప్పటికీ తెలియదు."

డైరెక్టర్ గారు పెన్ను పక్కన పెట్టారు. తర్వాత ముసాయిదాను నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. పక్కనున్న హైమవతి ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. ప్రచురణకు అనుమతి, కొనసాగింపుకు సిఫార్సు, వెనకే ఇంకో కాగితం మీద బజ్జీల తాళాలు సైదమ్మకు అప్పగింత. వరసగా మూడు సంతకాలు. ఆయన సర్వీసులో ఒక్క రోజులో అంత పని చేసింది లేదు.

హైమవతి ఫైలు గుండెలకు హత్తుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లింది.

"ఆగండి. ఇంతకీ ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"బజ్జీలు మానెయ్యండి సార్."

"ఆఁ. మంచిది." ఆయన కాగితం మీద కలం పెట్టారు. "ఎలా రాయమంటారు? 'డైరెక్టర్‌కు బజ్జీలు జారీ చేయరాదు' అంటే సరిపోతుందా? స్టోర్స్‌కు ఒక కాపీ, క్యాంటీన్‌కు ఒక కాపీ..."

"ఏమీ రాయనక్కర్లేదు సార్. మీరు తినకుండా ఉంటే చాలు."

ఆయన కలం ఆగిపోయింది. తల ఎత్తి, ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ వినని సంగతి విన్నట్టు ఆమె వంక చూశారు.

"అంటే... ఎవరి అనుమతీ లేకుండా, ఊరికే అలా మానెయ్యొచ్చా?"

"మానెయ్యొచ్చు సార్."

ఆయన నమ్మలేదు. బల్ల మీది గంట నొక్కి, ప్యూను తొంగి చూడగానే గొంతు తగ్గించి అన్నారు:

"ప్రసాద్ గారిని రమ్మను. మాన్యువల్ తెమ్మను."